పాత దూలాల టేకుతో భోజనాల బల్ల, నూనె-మైనం పూత: కొన్నేళ్లు వాడాక

మా భోజనాల బల్లకు వార్నిష్ లేదు, మెలమైన్ (అద్దంలా మెరిసే గట్టి పూత) లేదు. అవిసె నూనె, దాని మీద తేనెమైనం, అంతే. మూడు పూటలా దాని మీదే తింటాం, పిల్లల హోంవర్కు దాని మీదే, అమ్మ చిక్కుడుకాయలు ఒలిచేదీ దాని మీదే. మళ్లీ చేయించాల్సి వచ్చినా ఇదే పూత పెట్టిస్తాను. కానీ ఇది ప్రతి ఇంటికీ నప్పేది కాదు.

ముందు కర్ర సంగతి. మేముండేది రాజమండ్రిలో. పడగొట్టిన పెంకుటిళ్ల కలప అమ్మే అడితిలో పాత టేకు దూలాలు తీసుకున్నాం. కొత్త కర్రలో తడి ఎంతుందో కంటికి తెలియదు. ఏళ్ల తరబడి ఇంటి కప్పు మోసిన దూలం ఆరాల్సినంత ఆరిపోయి ఉంటుంది, పైగా మంచి చేవ. చిత్రిక పడితే పైనున్న మసిరంగు పోయి బంగారు ఛాయ బయటపడింది. చిక్కల్లా మేకులతోనే. అయస్కాంతంతో వెతికి అన్నీ పీకించాకే కోత మిషనుకు పంపాం. టేకులో సహజంగానే సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, ఉంటుంది కాబట్టి పనిముట్ల పదును తొందరగా పోతుంది. మేస్త్రి ఉలి నూరుకుంటూనే ఉన్నాడు.

కొలతలు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. ఆరుగురికి ఇరుకు లేదు. కాళ్లకూ అడ్డపట్టీలకూ మేకుల్లేకుండా చెక్కలో చెక్క దిగేసి అతికించాడు. ఇప్పటికీ బల్ల ఊగదు.

పైపలకను మాత్రం చట్రానికి ఫెవికాల్‌తో అతికించనివ్వలేదు. స్క్రూ బెజ్జాలను అడ్డంగా కాస్త పొడుగ్గా తొలిపించి, లోపలినుంచి స్క్రూలతో బిగించాం. గాలిలో తేమ మారినప్పుడల్లా కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గుతుంది. పొడుగున ఆ మార్పు లేనట్టే. మన రోహిణి కార్తె ఎండకూ శ్రావణం ముసురుకూ మధ్య 3 అడుగుల టేకు పలక పావు అంగుళం దాకా కదలొచ్చు. ఆ కదలికకు చోటివ్వకపోతే పలక ఎక్కడో ఒకచోట పగులుతుంది. మా పలకలో ఇంతవరకు ఒక్క చీలికా లేదు. డబ్బు ఖర్చు లేని ఈ ఒక్క పనీ మీ మేస్త్రితో తప్పక చేయించండి.

పూత దగ్గరే మేస్త్రి ఒప్పుకోలేదు. “నూనేంటండీ, మెలమైన్ కొడితే అద్దంలా ఉంటాదండీ” అన్నాడు. ఆ మాటా నిజమే. మా హాల్లోని టీపాయ్‌కి అదే కొట్టించాం, చాలాకాలం మెరిసింది. తర్వాత ఓ మూల దెబ్బ తగిలి పూత లేచింది, అందులోకి నీళ్లు దిగి తెల్లబడింది. గట్టిపడిన మెలమైన్ మళ్లీ కరగదు కనుక కొత్త పొర పాతదానిలో కలిసిపోదు. అతుకు కనబడకుండా చేయాలంటే పైభాగమంతా గీకి మళ్లీ కొట్టాల్సిందే.

నూనె బల్ల మీద మరకలు తొందరగానే పడతాయి. చల్లటి నీళ్ల సీసా రాత్రంతా ఉంటే వలయం మిగులుతుంది. వేడి గిన్నె పెడితే మైనం కరిగి ఆ చోటు మసకబారుతుంది. తడి ఇనప మూకుడు పెడితే నల్లటి మచ్చ, కర్రలోని టానిన్లు (వగరు పదార్థాలు) ఇనుముతో కలిసి నలుపెక్కడం వల్ల. అయినా ఇవన్నీ ఇంట్లోనే పోతాయి. నలుపు మచ్చకు నిమ్మరసం రాసి, కడిగి, ఆరనిచ్చి, 220 నంబరు గరుకు కాగితంతో కర్ర పొడుగు వెంబడే రుద్ది, కాస్త నూనె అద్దితే పోల్చుకోలేం. పసుపు మరక సబ్బుకు లొంగదు గానీ ఎండకు లొంగుతుంది. మా బల్ల కిటికీ పక్కన ఉంది, పులుసు ఒలికిన పసుపు దానంతటదే వెలిసిపోతుంది. ఆవకాయ నూనె గురించి భయపడ్డాను, వెంటనే తుడిస్తే జాడ లేదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. నూనె వాసన వారాల తరబడి పోలేదు. వానాకాలంలో బల్ల అడుగున, మైనం లేనిచోట, తెల్లటి బూజు వస్తుంది. వెనిగర్‌తో తుడిచి ఫ్యాను పెట్టాల్సి వస్తోంది. ఏడాదికోసారి మళ్లీ నూనె పట్టించాలి. మేం సంక్రాంతి వెళ్లాక, పొడి వాతావరణంలో చేస్తాం. ఈ ఓపిక లేనివాళ్లు, బల్లను అద్దె ఇంట్లో వదిలేసేవాళ్లు పాలీయురెథేన్ పూత వేయించుకోవడమే మేలు.

అవిసె నూనె కోసం హార్డ్‌వేర్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అడగండి. మొదటి పూతకు సగం టర్పెంటైన్ కలపండి. రాశాక పావుగంట ఆగి, పీల్చుకోని నూనెనంతా తుడిచేయాలి, లేదంటే జిగటగా మిగిలిపోతుంది. అది పూర్తిగా ఆరాకే తర్వాతి పూత. మైనం అన్నిటికంటే చివర.

తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డ ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక నిప్పు దానంతటదే అంటుకుంటుంది. ఆరుబయట, ఏదీ అంటుకోని చోట, ఒక్కొక్కటీ విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచండి.