పెన్ టెస్టర్ మోగకపోతే నేను నమ్మను: ఏడేళ్ల వాడకం తర్వాత

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని నాది. తీగను తాకకుండానే కరెంటు ఉందని చెప్పే పెన్ టెస్టర్ ఏడేళ్లుగా నా చొక్కా జేబులో ఉంది. కొన్న కొత్తలోనే అది నన్ను కాపాడింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు స్తంభాలు కూలిపోయాయి. ఇక కరెంటు ఎక్కడిదని మెయిన్ బోర్డు విప్పబోతే పెన్ను మోగింది! పక్కన ఎవరో చేంజోవర్ స్విచ్ (జనరేటర్ కరెంటు బయటి లైనులోకి పోకుండా విడదీసే స్విచ్) లేకుండా జనరేటర్ కలిపారు. ఆ కరెంటు లైను మీదుగా మా బోర్డు దాకా వచ్చింది. అప్పటి నుంచి కనబడిన ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ దీన్ని కొనమని చెప్పాను.

ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను.

పోయిన వేసవిలో ప్యానెల్‌లో ఉబ్బిపోయిన కెపాసిటర్ (కరెంటును నిల్వ పట్టి ఉంచే భాగం) మార్చాల్సి వచ్చింది. మెయిన్ ఆపి తాళం వేశాము. మూడు ఫేజుల మీదా పెన్ను పెట్టాను, మోగలేదు.

"విప్పేయమంటారా, గురువుగారూ?" అని మా కుర్రవాడు అడిగాడు.

విప్పమన్నాను. అతని ఎడమ చేయి కెపాసిటర్ ఒక టెర్మినల్‌కు, కుడి చేతిలోని స్పానర్ మరో టెర్మినల్‌కు ఒకేసారి తగిలాయి. అతను వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. షాక్ ఒక చేతి నుంచి రెండో చేతికి గుండె మీదుగానే పోతుంది కాబట్టి ఆసుపత్రిలో ఈసీజీ తీసి రాత్రంతా ఉంచుకున్నారు. ఆ రాత్రి అతని తల్లి పక్కన బల్ల మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను.

ఈ పెన్ను పసిగట్టేది ఏసీని, అంటే లైనులో వచ్చే, దిశ మారుతూ ఉండే కరెంటును మాత్రమే. కెపాసిటర్‌లో నిలిచేది డీసీ, అంటే బ్యాటరీలో లాగా దిశ మారనిది. 415 వోల్టుల లైను మీద ఉన్నది, స్విచ్ ఆపాక కూడా, దాదాపు 580 వోల్టుల దాకా పట్టి ఉంచగలదు. దాన్ని ఖాళీ చేయవలసిన డిశ్చార్జ్ రెసిస్టర్ మా దాంట్లో ఎప్పుడో కాలిపోయింది. అది చూసుకోకపోవడం నా తప్పు. కానీ పెన్ను పెట్టె మీద "ఏసీ" అని చిన్నగా అచ్చు వేసి, డీసీకి మోగదని ఎక్కడా రాయకపోవడాన్ని నేను క్షమించలేను.

బ్యాటరీ అయిపోయినా మోగదు, ఆర్మర్డ్ కేబుల్ (లోహపు తొడుగున్న కేబుల్) పైనుంచి పెట్టినా మోగదు. అందుకే ముందు కరెంటున్న సాకెట్‌లో చూసి, పని చోట చూసి, మళ్లీ సాకెట్‌లో చూస్తాను. కెపాసిటర్ల దగ్గర కాసేపు ఆగి, మల్టీమీటర్‌ను (వోల్టులు కొలిచే మీటరును) డీసీలో పెట్టి కొలిచి, డిశ్చార్జ్ చేశాకే చేయి వేస్తాము.

ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు చూసుకునేవారు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు, ఇంటి మీద సోలార్ పలకలు లేకపోతే; వాటి నుంచి వచ్చేదీ డీసీయే. నాలా ప్యానెళ్లు విప్పేవారైతే ముందు మంచి మల్టీమీటర్ కొనండి, డబ్బు మిగిలితే పెన్ను.