పాతికేళ్ళు దాటినా కనికరించని నౌక: సిస్టమ్ షాక్ 2 రీమాస్టర్

తుపాకీ దొరికినంత మాత్రాన దాన్ని పేల్చనివ్వని షూటింగ్ గేములు చాలా అరుదు. 1999 ఆగస్టులో పీసీ మీద వచ్చిన సిస్టమ్ షాక్ 2 అలాంటి గేము. అందులో షాట్‌గన్ త్వరగానే దొరుకుతుంది, కానీ దాన్ని వాడే నైపుణ్యం మన పాత్రకు లేకపోతే అది సంచిలో చోటు తినే ఇనుప ముక్కగానే ఉండిపోతుంది. నైపుణ్యం సంపాదించుకున్న తర్వాత కూడా వాడినకొద్దీ అరిగిపోయి, శత్రువు మీదికి వచ్చే వేళకు సరిగ్గా మొరాయిస్తుంది. చూడడానికి ఫస్ట్ పర్సన్ షూటర్‌లా ఉంటూ, అడుగడుగునా రోల్ ప్లేయింగ్ గేము లెక్కలు వేయించే ఈ ఆటకు 25వ వార్షికోత్సవ రీమాస్టర్‌ను నైట్‌డైవ్ స్టూడియోస్ 2025 జూన్ 26న పీసీకి, జూలై 10న ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్‌లకు విడుదల చేసింది. ఈ విడుదలలో ఏం మార్చారన్నదాని కంటే ఏం ముట్టుకోకుండా వదిలేశారన్నదే నా దృష్టిలో ముఖ్యమైన విషయం, దీని విలువంతా అక్కడే ఉంది.

అసలు ఆటను లుకింగ్ గ్లాస్ స్టూడియోస్, ఇర్రేషనల్ గేమ్స్ కలిసి, థీఫ్ అనే ఆట కోసం తయారైన డార్క్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ పునాది మీద నిర్మించాయి. కెన్ లెవిన్ దానికి ప్రధాన డిజైనర్. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నా అమ్మకాలు అంతంతమాత్రంగానే సాగాయి. 2000 మే నెలలో లుకింగ్ గ్లాస్ మూతపడడంతో హక్కులు చివరికి ఒక బీమా సంస్థ చేతిలో చిక్కుకున్నాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు ఈ ఆటను చట్టబద్ధంగా కొనడానికి దారే లేకుండా పోయింది. 2012లో, తర్వాత నైట్‌డైవ్‌ను స్థాపించిన స్టీఫెన్ కిక్ ఆ బీమా సంస్థతో మాట్లాడి ఒప్పందం కుదుర్చుకున్నాడు, 2013 ఫిబ్రవరిలో ఆట మళ్ళీ అమ్మకానికి వచ్చింది, నైట్‌డైవ్ సంస్థ పుట్టుకకు ఆ ఒప్పందమే పునాది. అంటే తమ ఉనికికి కారణమైన ఆటకే వారు ఇప్పుడు మెరుగులు దిద్దారన్నమాట. 2019లో ప్రకటించిన పని 2025 దాకా సాగిందంటే అందులో ఉన్న చిక్కులను ఊహించుకోవచ్చు.

కథ 2114లో జరుగుతుంది. కాంతిని మించిన వేగంతో ప్రయాణించే తొలి నౌక వాన్ బ్రౌన్. దాన్ని కట్టింది ట్రైఆప్టిమమ్ అనే కంపెనీ అయితే, దానికి కాపలాగా రికెన్‌బాకర్ అనే సైనిక నౌకను అంటిపెట్టి పంపుతారు. టావ్ సెటి నక్షత్రం దగ్గరికి చేరాక ఏం జరిగిందో తెలియదు. మనం వైద్య విభాగపు డెక్‌లో, గతం గుర్తు లేకుండా, ఒంట్లో ఎవరో అమర్చిన సైబర్ పరికరాలతో మేలుకుంటాం. సిబ్బందిలో చాలామంది ఒక పరాన్నజీవికి లొంగి, మనిషీ కాని పురుగూ కాని హైబ్రిడ్‌లుగా మారిపోయి ఉంటారు. డాక్టర్ జానిస్ పొలిటో అనే ఆమె సందేశాల ద్వారా దారి చెబుతూ ఉంటుంది. మొదటి సిస్టమ్ షాక్‌లోని షోడాన్ అనే కృత్రిమ మేధ ఇందులోనూ ఉందని అట్ట మీది బొమ్మే చెబుతోంది కనుక అది దాచవలసిన సంగతి కాదు, ఎక్కడ, ఎలా అన్నది మాత్రం కొత్తగా ఆడబోయేవారి కోసం ఇక్కడ చెప్పడం లేదు.

ఇక ఆట ఆయువుపట్టు దగ్గరికి వస్తే, ముందుగా మెరైన్లు, నేవీ, ఓఎస్‌ఏ అనే మూడు శాఖల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆయుధాలు, సాంకేతిక విద్యలు, మానసిక శక్తులు అన్నవి స్థూలంగా ఆ మూడింటి దారులు. ఆ తర్వాత ఎదిగే ప్రతి మెట్టుకూ సైబర్ మాడ్యూళ్ళు అనే ఒకే రకం నాణెం చెల్లించాలి. బలం పెంచుకోవాలన్నా, తాళాలు హ్యాక్ చేయడం నేర్చుకోవాలన్నా, లేజర్ పిస్తోలు పట్టుకోవాలన్నా అదే సొమ్ము, పై మెట్టుకు వెళ్ళేకొద్దీ ధర పెరుగుతుంది. చాలా రోల్ ప్లేయింగ్ గేములకు భిన్నంగా ఇక్కడ శత్రువును చంపితే అనుభవం పాయింట్లంటూ ఏమీ రావు. మాడ్యూళ్ళు అప్పగించిన పని పూర్తిచేసినప్పుడు, లేదా మూలమూలలా వెతికినప్పుడు మాత్రమే దొరుకుతాయి. శత్రువులేమో ఖాళీ చేసిన వరండాలోకి మళ్ళీ వస్తూనే ఉంటారు. కాబట్టి ప్రతి పోరాటమూ గుళ్ళు, మందులు, తుపాకీ ఆయుష్షు ఖర్చు చేసి, చచ్చినవాడి జేబులో ఏ కాసింత దొరికితే దానితో సరిపెట్టుకోవలసిన నష్టబేరం. నెలాఖరున జీతం పడేదాకా ఇల్లు నెట్టుకొచ్చే మనిషి ప్రతి నోటునూ రెండుసార్లు చూసి తీసినట్టుగా ఇందులో ప్రతి గుండునూ లెక్క చూసుకుని పేలుస్తాం. భయం పుట్టేది రాక్షసుల రూపాల నుంచి కాదు, ఈ లెక్కల నుంచి.

వైద్య విభాగంలో తొలి అరగంట ఎలా గడుస్తుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. చేతిలో ఒక రెంచి, నడుముకు ఒక పిస్తోలు ఉంటాయి. మలుపు అవతల గోడ మీద కెమెరా సన్నగా ఝుంకారం చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటుంది. దాని ఆకుపచ్చ కన్ను మనల్ని చూస్తే పసుపు రంగులోకి, కాసేపు నిలబడితే ఎరుపులోకి మారుతుంది, ఆపైన సైరన్ మోగి నౌకలోని శత్రువులందరూ మనవైపే తరలివస్తారు. తుపాకీతో కొడితే రెండు మూడు గుళ్ళు పోతాయి. రెంచితో కొట్టాలంటే అది ముఖం తిప్పుకునేదాకా ఆగి గోడ వెంబడి పరుగెత్తి కిందికి చేరాలి. ఆ సమయంలోనే వెనకాల గదిలో ఎవరో గొణుగుతూ నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఆ గొంతు హైబ్రిడ్‌ది. దాడి చేస్తూనే పారిపొమ్మని హెచ్చరించే, తనను చంపెయ్యమని వేడుకునే గొంతు అది. దాని చేతిలో ఉన్నది ఇనుప గొట్టమా, షాట్‌గన్నా అన్నది చూసేదాకా తెలియదు. ఇంత చేశాక ఆ షాట్‌గన్ మన చేతికి వస్తే, అది తరచుగా పాడైపోయిన స్థితిలోనే ఉంటుంది. మరమ్మతు విద్య రాకపోతే లోపలి గుళ్ళు తీసుకుని తుపాకీని అక్కడే వదిలేయాలి.

పరిశోధన వ్యవస్థ కూడా ఇలాగే ఒళ్ళు వంచి పని చేయిస్తుంది. చచ్చిన జీవి అవయవాన్ని పరిశీలించాలంటే యిట్రియమో, యాంటిమొనియో, వెనేడియమో అడుగుతుంది. అవి ఆయా డెక్‌ల రసాయనాల గదుల్లో మాత్రమే ఉంటాయి, ఏ గదిలో ఏమున్నాయో అక్కడి జాబితా చూసుకుని లిఫ్టు ఎక్కి వెనక్కి వెళ్ళి తెచ్చుకోవాలి. పరిశోధన పూర్తయితే ఆ జాతి శత్రువుల మీద మన దెబ్బ బలం పెరుగుతుంది. ఈ తిరుగుడు కొందరికి విసుగు పుట్టించవచ్చు. నాకు మాత్రం వాన్ బ్రౌన్ ఒక వరుస లెవెళ్ళుగా కాక, మనుషులు బతికిన, పని చేసిన ఒకే పెద్ద కట్టడంగా మనసులో నిలవడానికి ఈ రాకపోకలే కారణమనిపించింది.

ఈ కరకుదనాన్ని నైట్‌డైవ్ ఎక్కడా మెత్తబరచలేదు. కెక్స్ ఇంజిన్‌లోకి ఆటను తరలించి, పాత్రల, ఆయుధాల బొమ్మలను కొత్తగా మలిచి, కదలికలను సరిచేసి, పీసీలో 4కె రిజల్యూషన్‌నూ, సెకనుకు 144 ఫ్రేములనూ అందుకునేలా చేశారు. ముఖ్యంగా పురుగుల గుడ్లకు దాదుల్లా మారిన సైబోర్గ్ నర్సులను ఇప్పుడు చూస్తే, పాత ఆటలో డబ్బా ముక్కలు అతికించినట్టున్న ఆ ఆకారాల వెనక చిత్రకారుడు ఏమి ఊహించాడో తెలుస్తుంది. అయితే గోడలు, గదులు, వరండాల నిర్మాణం పాతదే కావడం వల్ల, నునుపైన కొత్త పాత్రలు బోడి గోడల మధ్య నిలబడినప్పుడు కొన్నిచోట్ల పొంతన కుదరదు. 2023లో ఇదే సంస్థ మొదటి సిస్టమ్ షాక్‌ను పునాదుల నుంచి తిరగరాసి విడుదల చేసింది. ఆ స్థాయి ముస్తాబును ఆశించి వచ్చేవారికి ఇది వెలిసిపోయినట్టు కనిపించడం ఖాయం. ఇది రీమేక్ కాదు, రీమాస్టర్. కొనేముందు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి.

శబ్దం సంగతి వేరే చెప్పాలి. డార్క్ ఇంజిన్‌కు మొదటి నుంచీ ఉన్న బలం, చప్పుడు గోడలకు, తలుపులకు తగినట్టు చెవికి చేరడం. ఏ దిక్కున ఏముందో చూడకముందే వినగలం కాబట్టి హెడ్‌ఫోన్లు లేకుండా ఈ ఆటను ఆడడం సగం ఆటను వదులుకోవడమే. టెరీ బ్రోసియస్ గొంతులో షోడాన్ మాటలు విరుగుతూ, రెట్టిస్తూ, పైకీ కిందికీ జారుతూ వినిపించే తీరుకు పాతికేళ్ళలో సాటి రాలేదంటే అది అతిశయోక్తి కాదు. ఎరిక్ బ్రోసియస్ సంగీతంలో భయాన్ని పెంచే భాగాలు ఎన్ని ఉన్నాయో, వైద్య విభాగంలో హోరెత్తే ఎలక్ట్రానిక్ డ్రమ్ముల లాంటి, 1990ల నాటి వాసన కొట్టే భాగాలూ అన్నే ఉన్నాయి. సంగీతం ఆపేసి ఆడేవారు మొదటి నుంచీ ఉన్నారు, ఆ పద్ధతిని నేనూ సమర్థిస్తాను. చనిపోయిన సిబ్బంది వదిలి వెళ్ళిన ఆడియో లాగ్‌ల మీదే కథంతా నడుస్తుంది. వేగంగా మాట్లాడే అమెరికన్ ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడే మనవాళ్ళు వాటిని తెర మీద చదువుకోవచ్చు. మొదటి తాళపు తలుపు సంకేతం 45100 కూడా అలాంటి లాగ్‌లోనే దొరుకుతుంది, అందులోని 451 అనే అంకెలు తర్వాతి తరం గేముల్లో ఎన్నిటికో సంప్రదాయ నమస్కారంగా మారాయి.

నిజమైన మార్పు గేమ్‌ప్యాడ్ మద్దతులో ఉంది. సంచి గడులు, నైపుణ్యాల పట్టికలు, లాగ్‌లు, హ్యాకింగ్ పలక అన్నీ మౌసును దృష్టిలో పెట్టుకుని గీసినవి కనుక, వాటిని బొటనవేళ్ళకు అప్పగించడం తేలికైన పని కాదు. ఆ పని చాలావరకు నెరవేరింది. అయినా వస్తువులు సర్దుకునేటప్పుడు ఆట ఆగదన్న పాత నియమం వల్ల, కంట్రోలర్‌తో సంచి వెతుక్కుంటూ దెబ్బలు తినక తప్పదు. కలిసి ఆడే పద్ధతిని అసలు ఆటలో తర్వాత ప్యాచ్‌గా చేర్చారు. ఇప్పుడు వేర్వేరు యంత్రాల మీద ఉన్నవారు కూడా కలిసి ఆడవచ్చు. ఒకరు తుపాకీ పట్టి, ఒకరు తాళాలు తెరిచి, మరొకరు మానసిక శక్తులు ప్రయోగిస్తుంటే మూడు శాఖల విభజనకు అర్థం చేకూరుతుంది. పక్కన మనిషి ఉంటే భయం సగానికి సగం పోతుంది కాబట్టి మొదటిసారి మాత్రం ఒంటరిగానే ఆడాలి.

వదిలేసిన లోపాలూ ఉన్నాయి. హ్యాకింగ్ అనేది గడుల్లో మూడింటిని వరుసగా కలిపే చిన్న ఆట. అందులో మన నైపుణ్యం కంటే అదృష్టం పాలే ఎక్కువ, అందువల్ల ముందు సేవ్ చేసుకుని, తప్పితే మళ్ళీ లోడ్ చేసుకునే చెడ్డ అలవాటును ఆటే నేర్పుతుంది. కొత్తవారు మాడ్యూళ్ళను అన్ని విద్యల మీదా తలా కాస్త చల్లితే, నడిమి భాగానికి వచ్చేసరికి దేనికీ కొరగాని పాత్ర మిగులుతుంది, ఆ ప్రమాదాన్ని ఆట ఎక్కడా ముందుగా హెచ్చరించదు. హైడ్రోపోనిక్స్, ఆపరేషన్స్, రిక్రియేషన్ డెక్‌ల దాకా నౌకను అంత ఓపికగా అల్లినవారే, రికెన్‌బాకర్ దాటాక ఆ పరాన్నజీవి దేహంలోకి దించి హడావిడిగా ముగించేశారు. అన్వేషణ తగ్గి కాల్పులు పెరిగే ఆ చివరి భాగంలో, అంతదాకా హ్యాకింగ్ మీద ఆధారపడ్డవారికి ఊపిరాడదు. ముగింపు దృశ్యమైతే అప్పుడూ తేలిపోయింది, ఇప్పుడూ తేలిపోయింది. రీమాస్టర్ పేరుతో దీన్ని తిరగరాయమని అడగడం న్యాయం కాదేమో కానీ, ఆ భాగం బలహీనమన్న నిజం మారదు.

మొదటిసారి ఆడేవారికి నా సలహా నేవీ శాఖ, నార్మల్ స్థాయి. హ్యాకింగ్, మరమ్మతు విద్యలకు తోడు మామూలు తుపాకుల నైపుణ్యాన్ని క్రమంగా పెంచుకుంటూ పోతే, రెప్లికేటర్ యంత్రాలను హ్యాక్ చేసి సరుకులు చవగ్గా రాబట్టుకోవచ్చు. పురుగుల జాతి ఆయుధాలు, మానసిక శక్తులు రెండోసారికి ఉంచుకోవడం మేలు. పాత ఆటను కొని, 2012లో అజ్ఞాత ప్రోగ్రామర్ విడుదల చేసిన న్యూడార్క్ ప్యాచ్‌నూ, రీబర్త్ వంటి, అభిమానులు చేసిన మార్పుల కట్టలైన మోడ్‌లనూ పెట్టుకుని కీబోర్డుతో హాయిగా ఆడుకుంటున్నవారికి ఈ విడుదలతో అత్యవసరం లేదు, తగ్గింపు ధర వచ్చేదాకా ఆగవచ్చు. డ్రీమ్‌కాస్ట్ అనే సెగా కన్సోల్ కోసం అనుకున్న రూపం అప్పట్లో రద్దయిపోవడం వల్ల కన్సోళ్ళ మీద ఈ ఆట రావడం ఇదే మొదటిసారి. సోఫాలో కూర్చుని కంట్రోలర్‌తో ఆడేవారు మాత్రం పూర్తి ధర పెట్టినా నష్టపోరు.