బ్లార్నీ కోట: పొగడ్తకు పేరిచ్చిన ఊళ్లో రాయిని చూడబోయేవాళ్లకు

ఇంగ్లీషులో తియ్యటి మాటలతో మనిషిని బుట్టలో వేసుకోవడాన్ని ‘బ్లార్నీ’ అంటారు. మన ‘కాకా పట్టడం’ దానికి దగ్గరిదే గానీ అచ్చంగా అదే కాదు. కాకా పట్టేవాడి అవసరం మొహంలోనే తెలిసిపోతుంది. బ్లార్నీలో మాటల సొగసే ముందు నిలుస్తుంది. నిజం కాదని తెలిసినా వినాలనిపిస్తుంది.

ఆ పేరు ఒక ఊరిది. ఐర్లండ్‌లో కార్క్ నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఐరిష్ భాషలో ‘చిన్న పొలం’ అని అర్థం. అక్కడి కోట దొర మెకార్తీని ఆయన భూముల హక్కులు తనకు అప్పగించమని ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ అడిగించేదట. ఆయన ప్రతిసారీ వినయంగా సరేనంటూ, ఏదో ఒక వంకతో వాయిదా వేసేవాడట. చివరికి రాణి విసిగిపోయి ‘ఇదంతా బ్లార్నీ’ అందని చెబుతారు. ఇది జనం నోట నిలిచిన కథే. అచ్చులో మాత్రం 1766 నాటి గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’లో పెద్దింటి దొరసానిలా నటించే ఒక పాత్రకు లేడీ బ్లార్నీ అనే పేరుంది.

ఇప్పుడున్న కోట 1446లో కట్టింది. జనం ముద్దాడే బ్లార్నీ రాయి దాని పైఅంతస్తులో ఉంది. అక్కడికి వంద పైచిలుకు రాతి మెట్లు ఎక్కాలి. మెట్లు ఇరుకు, మెలికలు, ఎత్తూ పల్లం. పాదం మొత్తం ఆనని చోట్లూ ఉన్నాయి. చెప్పులు జారేవైతే దిగేటప్పుడు ఇంకా కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు చోట ఊపిరాడనట్టు ఉండేవాళ్లు కింద తోటలతో సరిపెట్టుకోవడమే మేలు. ఒకసారి వరుసలో ఇరుక్కున్నాక మధ్యలో వెనక్కి రావడం సులువు కాదు.

రాయిని ముద్దాడితే మాటకారితనం వస్తుందని నమ్మకం. అది నిలబడి అందుకునే చోట లేదు. పైన నడిచే దారికీ బయటి గోడకీ మధ్య ఒక సందు ఉంటుంది. ఒకప్పుడు శత్రువుల మీదికి రాళ్లు వదలడానికి పెట్టింది. రాయి ఆ పైగోడ అడుగు అంచున ఉంది. సందుకు వీపు పెట్టి కూర్చుని, వెల్లకిలా పడుకుని, రెండు ఇనుప కడ్డీలు పట్టుకుని, తల వెనక్కీ కిందికీ వంచాలి. సిబ్బంది ఒకరు ఒంటిని పట్టుకుంటారు. చాలామంది చేసే తప్పు మెడ ఒక్కటే వంచడం. అలా అయితే పెదవులు అందవు. భుజాలు కూడా అంచు దాటి కిందికి జారాలి. కడ్డీలను గట్టిగా పట్టుకుంటే భయం అక్కర్లేదు, సందుకు అడ్డంగా ఇనుప ఊచలు ఉన్నాయి. కానీ ఊచల మధ్య నుంచి కళ్లజోడు, చిల్లర, ఫోను జారిపోతాయి. వరుసలో ఉండగానే జేబులు ఖాళీ చేసుకోండి. మీరు వంగినప్పుడు ఫోటో తీస్తారు. అది కొనాలన్న బలవంతం లేదు.

రాయి ఎక్కడిదన్న దానిమీద బోలెడు కథలు. స్కాట్లండ్ నుంచి తెచ్చారని, ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ ముక్క అని. 2014లో గ్లాస్గో విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రజ్ఞులు, 19వ శతాబ్దంలో ఆ రాయి నుంచి తీసిన పల్చటి పొరను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అది స్థానిక సున్నపురాయేనని తేల్చారు. వయసు సుమారు 33 కోట్ల ఏళ్లు. కథల కంటే ఇదే గొప్పగా ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం వెళ్తే క్షణం పాటు పెట్టే ముద్దు కోసం చాలాసేపు నిలబడాలి. అందుకే తెరిచే వేళకే చేరి, ముందు నేరుగా పైకి వెళ్లండి. రాయి ఒక్కటే చూసి వచ్చేస్తామంటే ఇంత దూరం రమ్మని మేం చెప్పం. దిగాక కోట వెనక విషపు మొక్కల తోట తప్పక చూడాలి. ఆముదం, వత్సనాభి లాంటివి పెంచి, ఏది ఎలా చంపుతుందో పలకల మీద రాశారు. కొన్నిటి చుట్టూ ఇనుప బోనులున్నాయి. దేన్నీ ముట్టుకోకూడదు, వాసన చూడకూడదు. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.