పొద్దుటి షుగర్ గుట్టు విప్పిన సెన్సార్: 14 రోజులు వాడాక నా మాట

రాత్రి పడుకునే ముందు 118, పొద్దున లేవగానే పరగడుపున 156. మధ్యలో మంచినీళ్లు తప్ప నోట్లో ఏమీ వేసుకోలేదు. నెలల తరబడి ఇదే వరస. రీడింగులు రాసుకున్న నోట్‌బుక్ చూపిస్తే "రాత్రి ఏం తింటున్నారు" అని అడిగేవాళ్లే గానీ, తినకుండా ఎందుకు పెరుగుతోందో చెప్పినవాళ్లు లేరు. చివరికి చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సార్ కొన్నాను, 14 రోజులు పనిచేసే రకం.

పెట్టుకోవడానికి భయపడక్కర్లేదు, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. కాకపోతే మొదటి రోజు అంకెల్ని నమ్మొద్దు, నాకు వేలు గుచ్చి చూసే మీటర్‌కీ దీనికీ 30 దాకా తేడా వచ్చి రెండో రోజుకి సర్దుకుంది.

మూడో రాత్రి షుగర్ ఎప్పుడెంత ఉందో సెన్సార్ చూపించే గీత చూశాక నాకు విషయం అర్థమైంది. 11 నుంచి 3 దాకా 110 దగ్గరే, చాప పరిచినట్టు చదునుగా ఉంది. మూడున్నరకి మెల్లగా లేవడం మొదలై ఆరు కాకముందే 150 దాటేసింది, అదీ నేను మంచి నిద్రలో ఉండగా! దీన్ని డాన్ ఫినామినన్ అంటారు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి, లివర్ తన దగ్గరున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్లకి ఆ టైముకి ఇన్సులిన్ కూడా కాస్త పెరిగి సరిపెట్టేస్తుంది, మనకి అది చాలదు. తప్పు నా తిండిది కాదని తెలిసి నిజంగా కళ్లు చెమర్చాయి.

అందరి గీతా ఇలాగే ఉండదు. పడుకునేటప్పుడే 190 ఉండి తెల్లారేదాకా అలాగే ఉంటే అది రాత్రి భోజనం సంగతో, మందు చాలకపోవడమో. ఇన్సులిన్ వాడేవాళ్లలో కొందరికి రాత్రి డోసు ప్రభావం తెల్లారకముందే తగ్గిపోయి పెరుగుతుంది. నిద్రలో 70 కిందకి పడిపోతున్నవాళ్లూ ఉంటారు, వాళ్లు పొద్దుటి అంకె ఒక్కటే చూసి డోసు పెంచుకుంటే ప్రమాదం. అందుకే చెప్తున్నా, ఒక్క అంకె పట్టుకుని సొంతంగా మందు మార్చొద్దు.

లోపాలూ ఉన్నాయి. ఐదో రాత్రి 2 గంటలకి అలారం మోగింది, చూస్తే 58. గుండె దడదడలాడుతూ లేచి వేలు గుచ్చుకుని చూసుకుంటే మీటర్‌లో 109! సెన్సార్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే ఇలా షుగర్ పడిపోయినట్టు తప్పుగా చూపిస్తుందట, పెట్టె మీద ఎక్కడా ఆ ముక్క పెద్ద అక్షరాల్లో లేదు, అది నాకు కోపం తెప్పించింది. పైగా ఇది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని, కాబట్టి షుగర్ వేగంగా మారేటప్పుడు ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో తేడాగా ఉండి అంకె మామూలుగా కనిపిస్తే వేలు గుచ్చి చూసుకోవాల్సిందే. తొమ్మిదో రోజు స్నానం చేశాక అంచు కూడా లేచింది, ప్లాస్టర్ వేసి నెట్టుకొచ్చాను.

ఇన్సులిన్ వాడేవాళ్లు, రాత్రిపూట షుగర్ పడిపోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు డాక్టర్‌ని అడిగి తప్పక ఒకసారి పెట్టుకోండి. కొనలేకపోతే నాలుగైదు రోజులు పడుకునే ముందు, 3 గంటలకి, లేవగానే మీటర్‌తో చూసి రాసుకున్నా చాలావరకు తెలుస్తుంది. నా గీత చూశాక డాక్టర్ తిండి గురించి అడగలేదు, మందు వేసుకునే వేళ మార్చారు. ఇంకో సెన్సార్ తెచ్చిపెట్టుకున్నాను, ఈసారి మూడున్నర తర్వాత గీత ఎలా ఉంటుందో చూడాలి.