పాత నోవాకు ఏ ఇంజన్ మేలు: ఉన్న 350, ట్రక్కు వోర్టెక్, లేక 5.3 ఎల్‌ఎస్?

1968 నుంచి 1974 దాకా వచ్చిన షెవీ (షెవ్రోలే) నోవా కారు కొన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇంజన్ సంగతి. బాడీ ఫర్వాలేదు, బానెట్ ఎత్తితే మాత్రం పొగ కక్కే 350 గానీ, 307 గానీ, ఆరు సిలిండర్ల 250 గానీ కనిపిస్తుంది (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజులు). చేతిలో ఐదారు వేల డాలర్లు. ముందున్న దారులు మూడు. ఉన్న 350ని విప్పి రీబోరు (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దగా తొలవడం) చేయించడం. 1996–2000 నాటి షెవీ ట్రక్కుల్లోంచి ఎల్31 వోర్టెక్ 350 తెచ్చి కార్బ్యురేటర్ పెట్టడం. 1999–2007 నాటి సిల్వరాడో, టాహో బళ్లలోని 5.3 లీటర్ల ఎల్‌ఎమ్7 ఇంజన్‌ను (ఇది షెవీ కొత్త తరం ఎల్‌ఎస్ కుటుంబంలోది) కంప్యూటర్‌తో సహా ఎక్కించడం.

ఇంజన్ ధర ఒక్కటీ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది. హైవే మీద తిప్పే బండికి ఓవర్‌డ్రైవ్ గేరు (వేగంలో ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే పై గేరు) కావాలి. దాన్ని కూడా కలిపితేనే ఏది చవకో, ఏది కాదో తెలుస్తుంది.

ఉన్న 350ని బాగుచేయడం

బండి పుట్టినప్పటి ఇంజనే ఇంకా అందులో ఉండి, బ్లాక్ మీద నంబరు బండి నంబరుతో కలిస్తే ఈ దారే పట్టాలి. అలాంటి బండి విలువలో ఆ బ్లాక్‌కు పెద్ద వాటా ఉంటుంది. అలా కాకపోతే మాత్రం ఈ దారిని అనుమానంగానే చూడాలి.

మెషిన్ షాపుకు పంపేముందు బోర్ కొలిపించండి. అసలు బోర్ (సిలిండర్ వెడల్పు) 4.000 అంగుళాలు. ఇదివరకే 0.030 తీసి ఉంటే 0.040 దాకా వెళ్లవచ్చు. 0.060 అంటే గోడలు పలచబడతాయి, వేసవి ట్రాఫిక్‌లో బండి వేడెక్కుతుంది. బిగింపులు: మెయిన్ బోల్టులు 70 ఫుట్-పౌండ్లు, 3/8 రాడ్ బోల్టులు 45, హెడ్ బోల్టులు 65. హెడ్ బోల్టుల రంధ్రాలు వాటర్ జాకెట్‌లోకి తెరుచుకుంటాయి. మరలకు సీలెంట్ రాయకపోతే కూలెంట్ పైకి ఊరుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) దగ్గర. 1987కు ముందు బ్లాకులు ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (లిఫ్టర్లు దాని గుబ్బల మీద నేరుగా రాసుకునే రకం) కోసం చేసినవి. ఇప్పటి కారు ఆయిళ్లలో జింక్ తగ్గించారు. కొత్త క్యామ్, లిఫ్టర్లు ఒకదానికొకటి అలవాటు పడకముందే ఇంజన్‌ను ఐడిల్‌లో వదిలేస్తే లోబ్ (క్యామ్ గుబ్బ) అరిగిపోతుంది, ఆ ఇనుప పొడి బేరింగుల్లోకి పోతుంది, రెండు వేల డాలర్ల పని మొదటికొస్తుంది. జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోసి, ఇగ్నిషన్ టైమింగ్ ముందే సరిచూసి, రేడియేటర్ నింపి పెట్టుకోవాలి. స్టార్ట్ అయిన వెంటనే 2000–2500 ఆర్‌పీఎమ్‌కు తీసుకెళ్లి 20–30 నిమిషాలు అక్కడే అటూఇటూ ఆడించాలి. తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే చిన్న చక్రాలున్న రెట్రోఫిట్ రోలర్ లిఫ్టర్లు దొరుకుతాయి గానీ, వాటి ఖరీదుకు పాత బళ్ల యార్డులో ఒక ఎల్31 ఇంజనే వస్తుంది.

ట్రక్కు వోర్టెక్: సందడి లేని మంచి బేరం

ఎల్31లో రోలర్ క్యామ్ ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. హెడ్ల ఛాంబర్ 64 సీసీ. 76 సీసీ హెడ్లున్న పాత 350తో పోలిస్తే కంప్రెషన్ దాదాపు ఒక పాయింట్ ఎక్కువ. గాలి లోపలికి వెళ్లే దారి కూడా బాగా తీర్చారు. ట్రక్కులో దీని లెక్క 255 హార్స్‌పవర్, 330 ఫుట్-పౌండ్ల టార్క్. ఇది నెట్ లెక్క, అంటే బండిలో ఉండే ఉపకరణాలు, ఎగ్జాస్ట్ తగిలించి కొలిచింది. 1970 నోవా 350కి కంపెనీ చెప్పిన 300 గ్రాస్ లెక్క, అవి లేకుండా కొలిచింది. 1972లో కంప్రెషన్ తగ్గిన అదే తరహా ఇంజన్‌ను నెట్‌లో చెప్పేసరికి 200 అయింది. పాత బ్రోచర్ చూసి మోసపోవద్దు.

మౌంట్లు, గేర్‌బాక్స్ బోల్టులు పాతవాటికే సరిపోతాయి. ఇబ్బందులన్నీ చిన్నచిన్నవే, కానీ ముందే తెలియకపోతే ఒక్కోటీ ఒక్కో శనివారాన్ని తినేస్తుంది.

ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కలిపే ప్లేటు): 1986 నుంచి వెనక సీల్ ఒకే ముక్క. ఆ క్రాంక్‌కు బరువు అతికించిన ప్లేటు వేయాలి. పాత బండి ప్లేటు వేస్తే ఇంజన్ వణుకుతుంది, కారణం కోసం అందరూ కార్బ్యురేటర్‌ను తిడతారు.

ఇన్‌టేక్: వోర్టెక్ హెడ్లకు ఎనిమిది బోల్టుల మానిఫోల్డే పడుతుంది. పాత పన్నెండు బోల్టులది కూర్చోదు.

డిస్ట్రిబ్యూటర్: స్టీల్ రోలర్ క్యామ్‌కు మెలనైజ్డ్ (పైపొర గట్టిపరచిన) గేరున్న డిస్ట్రిబ్యూటర్ కావాలి. మామూలు ఇనుప గేరు త్వరగా అరుగుతుంది.

పెట్రోల్ పంపు: ట్రక్కు క్యామ్ మీద మెకానికల్ పంపును నెట్టే ముక్క ఉండదు. 5–7 పీఎస్‌ఐ ఇచ్చే ఎలక్ట్రిక్ పంపు, దానికి ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెట్టాలి. అప్పుడు ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది.

వాటర్ పంపు: ట్రక్కు సర్పెంటైన్ బెల్టుతో ఉన్న పంపు వెనక్కి తిరిగేది. వీ-బెల్టులు పెట్టి అదే పంపు ఉంచితే నీళ్లు సరిగా తిరగవు. ఐడిల్‌లో బాగుండి, పది నిమిషాల డ్రైవ్‌కే సూది పైకి పోతుంటే ముందు చూడాల్సింది ఇదే.

క్యామ్ మార్చాలన్న ఆశ అందరికీ ఉంటుంది. స్టాక్ వోర్టెక్ హెడ్లలో లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) 0.470 అంగుళాల దగ్గరికి వస్తే స్ప్రింగ్ రిటైనర్ వాల్వ్ సీల్‌కు తగులుతుంది. 0.450 లోపు క్యామ్‌తో సరిపెట్టుకోండి, లేదంటే గైడ్ బాస్ చెక్కించి స్ప్రింగులు మార్చండి. టైమింగ్ కూడా ఈ హెడ్లకు మొత్తం 32–34 డిగ్రీలు చాలు. పాత హెడ్లకు పెట్టినట్టు 36 పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బాగా వేడెక్కిన ట్రక్కువైతే హెడ్లలో ఎగ్జాస్ట్ సీట్ల దగ్గర పగుళ్లుంటాయి. బిగించే ముందు మ్యాగ్నఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్లు కనిపెట్టే) పరీక్ష చేయించాలి.

5.3 ఎల్‌ఎస్: చారాణా కోడికి బారాణా మసాలా

యార్డులో ఇంజన్ ఐదారు వందలకు కూడా దొరుకుతుంది. చిక్కంతా చుట్టూ కావాల్సిన సామానుతో.

కొనేటప్పుడు ట్రక్కు విన్ (బండి గుర్తింపు) నంబరులో ఎనిమిదో అక్షరం చూడాలి. టీ అయితే ఎల్‌ఎమ్7, జెడ్ అయితే ఇథనాల్‌తోనూ నడిచే ఎల్59, బీ అయితే అల్యూమినియం బ్లాక్ ఎల్33. వీ అయితే అది 4.8. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, 4.8ని 5.3 అని అమ్మేవాళ్లున్నారు. 2005 తర్వాత కొన్నిటిలో సిలిండర్లు ఆపే ఏర్పాటు వచ్చింది. ఆ లిఫ్టర్లు పట్టేస్తాయి కాబట్టి చవకగా వచ్చినా వద్దు. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే వదిలేయండి. 706 నంబరు హెడ్లలో కొన్ని పగిలి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. వైరింగ్ కోయకుండా కంప్యూటర్, మాస్ ఎయిర్‌ఫ్లో, ముందు ఆక్సిజన్ సెన్సర్లు అన్నీ కలిపి తెచ్చుకోవాలి. థ్రాటిల్‌కు కేబుల్ కాకుండా వైరుంటే ఆ ట్రక్కు పెడల్, దాని మాడ్యూల్ కూడా తేవాలి.

ఇంజన్ బయట ఉండగానే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ పికప్ ట్యూబ్ దగ్గరి ఓ-రింగ్ మార్చాలి. గట్టిపడిన ఓ-రింగ్ గాలి పీల్చి ఆయిల్ ప్రెషర్ పడగొడుతుంది, పంపు బాగానే ఉన్నా. ఇన్‌టేక్ కింద, సిలిండర్ వరసల మధ్య లోయలో కూర్చున్న రెండు నాక్ సెన్సర్లు నీళ్లు చేరి తుప్పు పడతాయి, అవి మార్చాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టులు విరిగి ఉంటే ఇప్పుడే తీయించాలి. హెడ్లు దించితే ఆ బోల్టులు మళ్లీ వాడకూడదు. అవి సాగేలా బిగించేవి.

ఇక బండిలో పట్టించడం. ట్రక్కు ఆయిల్ ప్యాన్ లోతు ఎక్కువ, నోవా క్రాస్‌మెంబర్ కిందికి వేలాడుతుంది. హోలీ వంటి కంపెనీలు చేసే పొట్టి ప్యాన్, దానికి తగ్గ పికప్, డిప్‌స్టిక్ కావాలి. మౌంట్లకు అడాప్టర్ ప్లేట్లు. ఏసీ కంప్రెసర్ ట్రక్కులో కుడి పక్క కింద ఉంటుంది, ఇక్కడ ఫ్రేమ్‌కు తగులుతుంది. పైకి మార్చే బ్రాకెట్ కొనాలి, లేదా ఏసీ వదులుకోవాలి. టెక్సస్‌లో ఉంటే అది వదులుకునే వస్తువు కాదు. హెడ్ల ముందున్న ఆవిరి గొట్టాన్ని మూసేయకుండా రేడియేటర్‌కు కలపాలి.

పెట్రోల్ పీడనం 58 పీఎస్‌ఐ. చవక దారి ఒకటుంది: సీ5 కార్వెట్ ఫిల్టర్‌లోనే ఆ పీడనానికి రెగ్యులేటర్ ఉంటుంది. దాన్ని ట్యాంకు దగ్గరే పెడితే ఇంజన్ దాకా ఒకే గొట్టం చాలు. పంపు మాత్రం ట్యాంకు లోపలే ఉండాలి. బయట ట్యాంకు కన్నా ఎత్తులో పెడితే అది అరుస్తుంది, వేడికి పీల్చలేదు. అడ్డుగోడలు లేని పాత ట్యాంకు సగం ఖాళీ అయ్యాక మలుపుల్లో పంపుకు పెట్రోల్ అందదు.

వైరింగ్ అనగానే భయపడతారు. నిజానికి కంప్యూటర్‌కు కావాల్సింది బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు, కీ తిప్పితే వచ్చేది, మంచి గ్రౌండ్లు. కీ కరెంటు సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా ఉండాలి. ఉండకపోతే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అంటుకోదు. గ్రౌండ్లు హెడ్ల వెనక పెయింట్ లేని లోహానికి బిగించాలి. దొంగతనం అడ్డుకునే లాక్‌ను ట్యూనింగ్‌లో తీయించాలి. టాకోమీటర్‌కు వచ్చే సిగ్నల్ నాలుగు సిలిండర్ల లెక్క. పాత మీటరు సగమే చూపిస్తుంది, కొత్తదైతే సెట్టింగ్ మార్చుకోవచ్చు.

అసలు లెక్క గేర్‌బాక్స్‌లో

26 అంగుళాల టైరు, 3.73 గేరున్న యాక్సిల్, మూడు గేర్ల టీహెచ్350 గేర్‌బాక్స్‌తో గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి సుమారు 3370 సార్లు తిరుగుతుంది. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉంటే 2360. మొదటి గేరు కూడా 2.52కు బదులు 3.06, సిగ్నల్ దగ్గర తేడా తెలుస్తుంది.

5.3తో పాటే అదే ట్రక్కు నుంచి ఓవర్‌డ్రైవ్ ఉన్న 4ఎల్60ఈ గేర్‌బాక్స్ వస్తుంది, కంప్యూటర్ రెంటినీ నడుపుతుంది. కార్బ్యురేటర్ 350లకు ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 గేర్‌బాక్స్ విడిగా కొనాలి. దాని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ కార్బ్యురేటర్ మీద సరైన కోణంలో లాగకపోతే లోపలి పీడనం పడిపోయి, మూడు-నాలుగు గేర్ల క్లచ్చులు కొద్ది మైళ్లలోనే కాలిపోతాయి. రెండు గేర్‌బాక్సులూ పాతదానికన్నా పొడుగు. వెనక మౌంటు జరపాలి, డ్రైవ్‌షాఫ్ట్ కోయించాలి. 4ఎల్60ఈకి స్పీడోమీటర్ కేబుల్ ఉండదు, అదో ఖర్చు. ఎక్కువ మైళ్లు తిరిగిన 4ఎల్60ఈ లాటరీ టికెట్టే.

ఎవరి పని వాళ్లు చేసుకుంటే, ప్రాంతాన్ని బట్టి అటూఇటూగా డాలర్లలో:

| దారి | ఇంజన్ పని | ఓవర్‌డ్రైవ్ | మొత్తం |
|---|---|---|---|
| పాత 350 రీబోరు | 2800–4000 | 1800–2600 | 4600–6600 |
| ఎల్31 వోర్టెక్ | 1600–2500 | 1800–2600 | 3400–5100 |
| 5.3 ఎల్‌ఎమ్7 | 4000–7000 | అందులోనే | 4000–7000 |

రీబోరుకూ 5.3కూ తేడా ఎంత చిన్నదో చూడండి. అదే డబ్బు పెట్టి పాత బ్లాక్‌ను బతికించాలంటే అది ఆ బండితో పుట్టినదై ఉండాలి.

వారానికోసారి తీసి, ఊళ్లో తిప్పి, కార్బ్యురేటర్ తిప్పుకోవడంలో సరదా ఉన్నవాళ్లకు ఎల్31 చాలు. పాత గేర్‌బాక్స్ బాగుంటే ఈ ఏడాదికి దాంతోనే నడిపి, ఓవర్‌డ్రైవ్ వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. ఇలా విడతలుగా చేసుకునే వీలు 5.3లో లేదు. అన్నీ ఒకేసారి కూర్చితే తప్ప బండి కదలదు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా పిల్లలతో వెళ్లాలి, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇథనాల్ పెట్రోల్ కార్బ్యురేటర్‌లో మరిగి ఆగిపోకూడదు అంటే 5.3 పెట్టాల్సిందే. తర్వాత క్యామ్, వాల్వ్ స్ప్రింగులు మారిస్తే 350 హార్స్‌పవర్ దాటడం కూడా దానికి కష్టం కాదు.

కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. ఈ నోవాలన్నిటికీ ఆ వెసులుబాటు వర్తిస్తుంది. ఇళ్ల సంఘాలున్న కాలనీల్లో ఉంటే మరో చిక్కుంది. డ్రైవ్‌వేలో స్టాండ్ల మీద నిలబడ్డ బండికి నోటీసు రావచ్చు. గరాజ్ లోపల తలుపు మూసి నెల రోజులు ఉంచే వీలు లేకపోతే ఒక్క వారాంతంలో దింపి ఎక్కించగల ఎల్31కే మొగ్గు.

మూడింటిలో ఏది పెట్టినా వెనక యాక్సిల్ చూడకుండా డబ్బంతా ఇంజన్‌కు పెట్టొద్దు. 1968–70 నోవాల్లోని 8.2 అంగుళాల టెన్-బోల్ట్ యాక్సిల్ మంచి టైర్లతో గట్టిగా లాగితే విరుగుతుంది. 1970ల్లో వచ్చిన 8.5 టెన్-బోల్ట్ దొరికితే మేలు. లేదంటే 1995–2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లోని 8.8 యాక్సిల్ తెచ్చి స్ప్రింగులు కూర్చునే దిమ్మెలు కొత్తగా వెల్డ్ చేయించాలి. దానికి 31 స్ప్లైన్ షాఫ్టులు, డిస్క్ బ్రేకులు కలిసే వస్తాయి. షెవీలో ఫోర్డ్ యాక్సిలా అని ముఖం చిట్లించేవాళ్లకు కింద దూరి చూస్తే తప్ప తెలియదు.