అమ్మతో కోనసీమలో అయిదు రాత్రులు

మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా గడప దాటని అమ్మను వెంటబెట్టుకుని ఈ సంక్రాంతికి కోనసీమ వెళ్ళి వచ్చాను. మొదటి రెండు రాత్రులు దిండి వైపు నది ఒడ్డున ఉన్న ఒక రిసార్టులోను, తరువాతి మూడు రాత్రులు అంబాజీపేటకు దగ్గరలోని పల్లెలో ఒక రైతు కుటుంబం అతిథులకు ఇచ్చే మండువా లోగిలిలోను ఉన్నాము. పెద్దవారిని ఆరోగ్యం కోసం అటు తీసుకువెళ్ళదలచినవారికి ఈ రెండు బసల మధ్య తేడా ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

కోనసీమకు ఇంకా రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం మార్గం పూర్తి కావలసే ఉంది. అందువల్ల కాకినాడలో రైలు దిగి కారు మాట్లాడుకున్నాము. దారిలో కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద అమ్మ మధ్యమధ్య కూర్చుంటూ కొంత దూరం నడిచింది. పడవ నడిచేది పోటు పాటులను బట్టి కాబట్టి, ముందుగా వేళ కనుక్కుని వెళ్ళడం మంచిది. మేము ఆ పని చేయక పడవ ఎక్కలేకపోయాము. ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని, కోటిపల్లి రేవులో పంటు (వాహనాలను దాటించే పెద్ద పడవ) మీద గోదావరి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరం చేరాము.

రిసార్టు గది నుంచి గోదావరి మరో పాయ వశిష్ఠ నిండుగా కనబడుతుంది, పడకలు శుభ్రంగా ఉన్నాయి. ఆ రెండింటికీ వంక పెట్టలేను. అయితే రోజుకు 6,500 రూపాయలు పుచ్చుకున్నచోట ఆరోగ్య సేవ పేరిట దొరికినది, వేరుగా రుసుము కట్టి చేయించుకున్న ముప్పావు గంట నూనె మర్దన ఒక్కటే. మర్దన చేసిన అమ్మాయి రక్తపోటు ఉందా అని గానీ, నొప్పి ఏ మోకాలిలో అని గానీ అడగలేదు. భోజనంలో నూడుల్సు, పనీరు కూర తప్ప ఆ నేల రుచి ఏదీ లేదు. జనవరిలో పులస పులుసు వడ్డిస్తామని పట్టికలో రాసి ఉండడం నాకు బాధ కలిగించింది. వరద నీటికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే చేప అది. ఆ రోజులు వానాకాలంతోనే ముగుస్తాయి. దూరం నుంచి వచ్చినవారికి ఈ సంగతి తెలియదన్న ధైర్యంతో అమ్మకూడదు.

పల్లెలోని ఇంట్లో ఇద్దరికీ మూడు పూటల భోజనంతో సహా రోజుకు 2,800 తీసుకున్నారు. దిగిన మరుసటి ఉదయం ఇంటావిడ పొట్టిక్కలకు పనసాకులు ముందేసుకుని కూర్చున్నారు. నాలుగేసి ఆకులను ఈనె పుల్లలతో కుట్టి, చిన్న బుట్టలా మలిచి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించడం అంబాజీపేట ప్రాంతపు వాడుక. నాలుగో ఆకు దగ్గర పుల్ల గుచ్చే తీరు కొంచెం తప్పినా పిండి కారిపోతుంది. "ఇలా ఇవ్వండి వదినగారూ, మా పుట్టింట్లో నేనే కుట్టేదాన్ని" అంటూ అమ్మ పీట లాక్కుని కూర్చుంది. ఏడాదిగా ఏ పనికీ చేయి చాచని మనిషి ఆ పూట పద్దెనిమిది బుట్టలు కుట్టింది. ఉడికాక ఆకు వలిస్తే పిండికి ఈనెల అచ్చు పడి, పచ్చి పనసాకు వాసన వచ్చింది. మధ్యాహ్నం ఆవ పెట్టిన కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి, సాయంత్రం కాల్చిన తేగలు. వీటిలో ఏ ఒక్కటీ మా కోసం ప్రత్యేకంగా చేసినది కాదు, ఇంటిల్లిపాదీ తిన్నదే మాకూ పెట్టారు.

భోగి నాడు నువ్వుల నూనెతో తలంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేన్నీళ్ళు పోశారు. సాయంత్రం అరుగు మీద చేరిన ఆడవారిలో ఆ ఊరి ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) కూడా ఉంది. అడగకుండానే ఇంటికి వెళ్ళి పరికరం తెచ్చి అమ్మ రక్తపోటు చూసి, మాత్ర వేళ మార్చుకోవలసిన పని లేదని చెప్పింది. మరునాటి నుంచి ఆవిడే అమ్మను పంటకాలువ గట్టు మీద కొబ్బరి చెట్ల నీడన నడిపించింది. నొప్పి పోయిందని నేను అనను. కానీ నడవమని నేను బతిమాలవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే పక్కన మాట్లాడుతూ నడిచే మనుషులు ఉన్నారు.

కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి వెళ్ళాము. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు, ఏకాదశ రుద్రుల పేర, ఆ తోటకు చేరుతాయి. వెదురు కట్టిన చట్రాలకు రంగు బట్టలు చుట్టి, గంటలు, నెమలి ఈకలు కట్టి, ఊరి యువకులు భుజాల మీద మోసుకువస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు వరి చేల మీదుగా వచ్చి, "అశ్శరభ శరభ" అంటూ ఎగువ కౌశిక కాలువను దాటడం ఈ తీర్థానికే తలమానికం. మోసేవారు గొంతులోతు నీటిలో దిగినా ప్రభ ఒరగనివ్వరు. చేను తొక్కినందుకు రైతు ఏమీ అనడు, స్వామి నడిచిన చేనని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థాన్నే చూపారు. అయినా ఆ అరుపులు, బురద, తడి బట్టలు ఇక్కడ నిలబడితేనే తెలుస్తాయి. పెద్దవారితో వెళ్ళేవారు మధ్యాహ్నం పన్నెండుకే చేరి నీడ చూసుకోవాలి, ఎక్కువసేపు నిలబడవలసి వస్తుంది.

ఆ ఇంట్లో లోపాలూ ఉన్నాయి. మరుగుదొడ్డి పెరట్లో ఉంది, రాత్రివేళ అమ్మకు తోడు వెళ్ళవలసి వచ్చింది, దోమలు విపరీతం. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక బావి నీరు ఉప్పనయిందని, తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్నామని ఇంటావిడ చెప్పినప్పుడు మాత్రం మనసు కలత పడింది. మూడు పక్కలా నీరున్న సీమలో తాగునీటికి డబ్బు పెట్టవలసి రావడం అతిథులు కూడా గమనించవలసిన విషయం.

తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటికి వెళ్ళాము. బోర్లించిన గుండ్రటి కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి బియ్యపు పిండి నీటిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరచి లాగితే, క్షణంలో పొరలా రేకు లేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వంటకం ఇది. అయితే ఆ గదిలో పొగ వెళ్ళే దారి సరిగా లేదు, రేకు తీసే ఆమె కళ్ళు ఎర్రబడి నీరు కారుతున్నాయి. పెట్టె కొనే ముందు దుకాణం అద్దాల బదులు ఈ గదిని ఒకసారి చూడమని, వీలైతే తీసేవారి దగ్గరే కొనమని నా మనవి. మేము బెల్లంవి రెండు పెట్టెలు అక్కడే కొన్నాము.

పల్లె నుంచి బయలుదేరే ముందు ఇంటావిడ అమ్మతో, "పులస తినాలంటే శ్రావణంలో రండి, అప్పుడైతే అసలుది పెడతాను" అన్నారు. మళ్ళీ వచ్చేటప్పుడు రిసార్టు మాట ఎత్తకుండా అయిదు రాత్రులూ ఆ ఇంట్లోనే ఉండాలని అమ్మ అప్పుడే చెప్పేసింది. దోమతెర, చేతి దీపం తీసుకువెళ్ళే బాధ్యత నాది.