'ఇన్' మేలా, 'ఎట్' మేలా? నడుమ 'ద' పేచీ

పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్లకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, దరఖాస్తు రాయాలంటే ఇంగ్లీషు. తెలుగు 'లో' అయినా ఒడియా 'రే' అయినా ఊరికీ, స్టేషనుకీ, ఆసుపత్రికీ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికే చిక్కంతా.

ఊరు పెద్దదైతే 'ఇన్', చిన్నదైతే 'ఎట్' అని బడిలో చెప్పే సూత్రాన్ని నేను నమ్మను. బరంపురం పెద్ద ఊరే. అక్కడ కాపురం ఉంటే 'ఐ లివ్ ఇన్ బెర్హంపూర్'. రైలు ఆగితే మాత్రం 'ద ట్రెయిన్ స్టాప్స్ ఎట్ బెర్హంపూర్'. ఊరు మారలేదు, చూసే తీరు మారింది. చుట్టూ గోడలో వీధులో ఉన్నట్టు తలిస్తే 'ఇన్', దారిలో ఒక మజిలీగానో కలుసుకునే చోటుగానో తలిస్తే 'ఎట్'. అందుకే నౌపడలో బండి మారేవాళ్లు 'ఎట్ నౌపడ' అనడమే సబబు. 'స్టేషన్‌లో ఉన్నాను, రండి' అని ఫోనులో చెప్పాలంటే 'ఎట్ ద స్టేషన్'. వానకు లోపల తలదాచుకున్నారని చెప్పాలంటే 'ఇన్ ద స్టేషన్'.

ఇక 'ద' సంగతి. సెలవు చీటీలో 'మై ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్' అని రాస్తే నాన్నగారు రోగిగా చేరారని అర్థం. 'ఇన్ ద హాస్పిటల్' అంటే ఎవరినో చూడటానికి వెళ్లి ఉండవచ్చు, అక్కడే ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు. అమెరికావాళ్లు రోగికి కూడా 'ద' పెడతారు. కానీ మన బడిపుస్తకాలది బ్రిటిష్ బాట కాబట్టి సెలవు చీటీకి మొదటిదే మేలు. 'ఎట్ స్కూల్' అంటే చదువుకునే పిల్ల. పంతులుగారు పిలిపిస్తే వెళ్లిన తల్లి 'ఎట్ ద స్కూల్'. జైలుకూ ఇదే వరస, కనుక అక్కడ మరీ జాగ్రత్త! చర్చికి ప్రార్థనకు వెళ్లేవాళ్లకు 'ద' అక్కర్లేదు, గుడికి వెళ్లేవాళ్లకు కావాలి. ఇందులో న్యాయం వెతకవద్దు, అది వాళ్ల అలవాటు. బ్యాంకు, పోస్టాఫీసులకు ఎందుకు వెళ్లినా 'ద' తప్పదు. ఇంటికి వెళ్లడానికి 'ద' లేదు సరికదా, 'టు' కూడా లేదు: 'గో హోమ్'.

పేర్ల దగ్గర ఆలోచన కన్నా కంఠస్థమే నయం. నదులకు 'ద' ఉంటుంది: 'ద వంశధార', 'ద ఋషికుల్య'. 'చిలికా లేక్'కు ఉండదు. ఒంటరి కొండ మహేంద్రగిరికి లేదు, అది ఉన్న తూర్పు కనుమల వరుసకు ఉంది. 'బెర్హంపూర్ యూనివర్సిటీ'కి ముందు ఏమీ పెట్టరు. 'గజపతి డిస్ట్రిక్ట్'కూ అంతే. దాన్నే తిరగేసి 'డిస్ట్రిక్ట్ ఆఫ్ గజపతి' అంటే మాత్రం ముందు 'ద' వచ్చి కూర్చుంటుంది. చిరునామాలో రాసేందుకు మొదటి రూపమే హాయి.